కోవిల్‌పట్టి నాదస్వరం: కారుకురిచ్చి అరుణాచలం జీవితం

పిల్లలూ, ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ తాతగారినో అమ్మమ్మనో ఒక మాట అడగండి. ‘నీ లీల పాడెద దేవా’ అనే పాట తెలుసా అని. తెలుగు సినిమా పాటలు విన్న ఇల్లయితే ఆ పాట తెలియకుండా ఉండదు. మన ఊళ్ళల్లో అదే పాటను తమిళంలో ‘సింగార వేలనే దేవా’ అని ఇంకా ఎక్కువగా విని ఉంటారు. రెండిటికీ వరస ఒకటే. రెండూ పాడింది ఎస్. జానకి గారే. ఆమె గొంతుకు ఒక్కోచోట దారి చూపిస్తూ, ఒక్కోచోట ఆమె వెనకాలే నడుస్తూ, చివరికి వచ్చేసరికి ఆమెతో సమానంగా పరుగెత్తుతూ ఒక నాదస్వరం వినిపిస్తుంది. అది వాయించినాయన పేరు కారుకురిచ్చి అరుణాచలం. పేరులో వేరే ఊరు ఉన్నా, ఆయన కాపురం పెట్టి స్థిరపడిన ఊరు మన కోవిల్‌పట్టి. ఇక్కడ ఆయన స్మారకం ఉంది, విగ్రహం ఉంది. దాని పక్కనుంచి బస్సులో ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు, ఆయన ఎవరో తెలియకుండా.

ఆ మనిషి కథ మీకు తెలియాలని ఇది రాస్తున్నాం. తల్లిదండ్రులు కూడా పిల్లలతో పాటు చదవండి. ఎందుకంటే ఆయన పెద్ద విద్వాంసుడు కావడానికి ముందు చాలా కాలం చేసిన పని ఒక్కటే: పక్కన నిలబడి వినడం. అది ఎంత కష్టమైన పనో, దానివల్ల ఏం వస్తుందో ఆయన జీవితం చూస్తే అర్థమవుతుంది.

అరుణాచలం 1921లో పుట్టారు. కారుకురిచ్చి అనేది తిరునెల్వేలి జిల్లాలో చేరన్మహాదేవి దగ్గరి చిన్న ఊరు. తామ్రపర్ణి నీళ్ళు పారే పచ్చటి ప్రాంతం. కోరగడ్డితో పట్టులాంటి చాపలు నేసే పత్తమడై కూడా ఆ చుట్టుపక్కలే ఉంది. మన కరిసల్ భూమి నుంచి, అంటే మన నల్లరేగడి నుంచి అక్కడికి వెళ్తే వేరే దేశానికి వెళ్ళినట్టుంటుంది. అక్కడి గుళ్ళల్లో పొద్దున, సాయంత్రం, ఊరేగింపులో, పెళ్ళిలో నాదస్వరం లేకుండా ఏ పనీ మొదలయ్యేది కాదు. ఆ శబ్దంలోనే ఆ కుర్రవాడు పెరిగాడు. చిన్నప్పుడే వాద్యం చేతికి తీసుకున్నాడు.

అది ఎలాంటి వాద్యమో కొంచెం చెప్పుకుందాం. పెళ్ళిలో మేళం వచ్చినప్పుడు దగ్గరికి వెళ్ళి చూశారా? రెండడుగులకు పైగా పొడవుండే గొట్టం. ఆచ్చా అనే గట్టి చెట్టు కర్రతో చేస్తారు. పచ్చి కర్ర పనికిరాదు. పాత ఇళ్ళల్లో దూలాలుగా ఏళ్ళ తరబడి ఉండి బాగా ఆరిన కర్రను వెతికి తెచ్చి తొలుస్తారు. కావేరి ఒడ్డున నరసింగంపేట్టై అనే ఊరు ఈ పనికి పేరుపడింది. గొట్టం పైన నోట్లో పెట్టుకునే పీకను ఒక రకం రెల్లుతో చేస్తారు. దాన్ని తమిళంలో శీవాళి అంటారు. వేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. కింద ఇంకో అయిదు ఉంటాయి, వాటిని శృతి సరిచేసుకోవడానికి మైనంతో మూసుకుంటారు. హార్మోనియంలాగా ఒక మెట్టు నొక్కితే ఒక స్వరం పలికే వాద్యం కాదిది. అదే రంధ్రం మీద పెదవి బిగింపు మారితే స్వరం మారిపోతుంది. వేలు సగం తీస్తే మారిపోతుంది. ఊపిరి కొంచెం తగ్గితే శృతి జారిపోతుంది. చేతి వేళ్ళు, నాలుక, పెదవి, గుండెలోని గాలి, వీటన్నిటినీ చెవి ఒక్కటే నడిపించాలి. అందుకే ఈ విద్యలో చెవి బాగా లేనివాడు ఎంత సాధన చేసినా ముందుకు పోలేడు.

ఆ రోజుల్లో ఈ వాద్యం వాయించేవాళ్ళ బతుకు ఎలా ఉండేదో కూడా మీకు తెలియాలి. సంగీతం వాళ్ళదే, గౌరవం మాత్రం వేరేవాళ్ళది. గాయకుడికి వేదిక మీద చాప వేసేవాళ్ళు. నాదస్వర విద్వాంసుడు మాత్రం గంటల తరబడి నిలబడి వాయించాలి. ఊరేగింపు ముందు రాత్రంతా నడుస్తూ వాయించాలి. పెద్దవాళ్ళ ఎదుట చొక్కా తీసి కండువా నడుముకు చుట్టుకోవాలి. పుట్టిన కులాన్ని బట్టి ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో నిర్ణయించిన కాలం అది.

ఆ పద్ధతిని ఎదిరించిన మనిషి టి.ఎన్. రాజరత్నం పిళ్ళై. ఆయన 1898లో పుట్టారు, తంజావూరు సీమలోని తిరువావడుదురై ఆయన ఊరు. తోడి రాగం అంటే ఆయన, ఆయన అంటే తోడి రాగం అన్నంత పేరు. పొట్టిగా, కీచుగా పలికే తిమిరి నాదస్వరం బదులు పొడవైన, కింది శృతిలో గంభీరంగా పలికే నాదస్వరాన్ని ఆయన వాడుకలోకి తెచ్చారు. శృతికి ఒత్తు బదులు తంబూరా పెట్టించుకున్నారు. జుట్టు కత్తిరించుకుని, కోటు వేసుకుని, మిగతా విద్వాంసులతో సమానంగా వేదిక మీద కూర్చుని వాయించారు. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేళ ఢిల్లీలో మోగిన నాదస్వరం ఆయనదే.

మన అరుణాచలానికి గురువు దొరికింది ఈయనే. అది జరిగిన తీరును పెద్దలు ఒక కథలాగా చెబుతారు. రాజరత్నం పిళ్ళై దక్షిణాదికి కచేరికి వచ్చినప్పుడు జంటగా వాయించే విద్వాంసుడు లేని లోటు వచ్చిందట. ఎవరో ఈ ఊరి కుర్రవాణ్ణి తెచ్చి పక్కన నిలబెట్టారట. అంత పెద్దాయన పక్కన నిలబడాలంటే కాళ్ళు వణకాలి. కుర్రవాడు వణికాడో లేదో కానీ, వాయించడం మాత్రం తడబడలేదు. పెద్దాయనకు నచ్చింది. శిష్యుడిగా తీసుకుని వెంట తీసుకుపోయారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నాదస్వరం మేళంలో సాధారణంగా ఇద్దరు నాదస్వరం వాయిస్తారు. మొదటివారు రాగాన్ని మొదలుపెట్టి, విస్తరించి, మలుపులు తిప్పి ఒకచోట ఆపుతారు. అప్పుడు రెండోవారు అందుకోవాలి. అందుకున్నప్పుడు వినేవాళ్ళకు అతుకు కనిపించకూడదు. తన సొంత తెలివి చూపించాలని అడ్డదారి తొక్కకూడదు. ఏమీ తెలియనట్టు ఒకే స్వరం పట్టుకుని ఉండిపోకూడదు. ముందాయన ఎక్కడికి పోతున్నాడో ఆయన పోకముందే వాసన పట్టాలి. అందులోనూ రాజరత్నం పిళ్ళై ఈ రోజు వాయించినట్టు రేపు వాయించరు. ఏ క్షణాన ఏ మలుపు తిప్పుతారో ఎవరికీ తెలియదు. అలాంటి మనిషి పక్కన ఏళ్ళ తరబడి నిలబడటం అంటే రోజూ కొత్త పరీక్ష రాయడమే. ప్రశ్నపత్రం ముందుగా ఎవరూ చూపించరు.

ఈ చదువుకు పుస్తకం లేదు, తరగతి గది లేదు. గురువు ఇంట్లో ఉండడం, వాద్యం మోయడం, పీకలు సరిచేసి పెట్టడం, పొద్దున్నే లేచి సాధన చేయడం, రాత్రి కచేరీలో పక్కన నిలబడి వినడం, అంతే. చప్పట్లన్నీ గురువుకే పోతాయి. పత్రికలో పేరు గురువుదే వస్తుంది. ఆ కాలాన్ని అరుణాచలం తొందరపడి దాటెయ్యలేదు. దాని ఫలితం తరవాత కనిపించింది. గురువు తోడిలో ఉన్న బరువు, నిండుదనం శిష్యుడికి వచ్చాయి. వాటికి తోడు ఒక మెత్తదనం, ఒక తేట ఆయన సొంతంగా వచ్చి చేరాయి. పండితులు మెచ్చుకునే రాగాలనే తిరునాళ్ళలో నేల మీద కూర్చున్న రైతు కూడా ఆగి వినేటట్టు వాయించారు. ఎంత పొడుగు సంగతి అయినా ఆయన వాయిస్తుంటే ఊపిరి కోసం ఆయాసపడుతున్నట్టే అనిపించదు. పాత రికార్డులు విని చూడండి, మీకే తెలుస్తుంది.

రాజరత్నం పిళ్ళై 1956 డిసెంబరులో పోయారు. అప్పటికే అరుణాచలం సొంత మేళంతో పెద్ద పేరు తెచ్చుకున్నారు. గురువు తరవాత ఎవరు అని జనం అడిగినప్పుడు ఎక్కువమంది నోట వచ్చిన పేరు ఆయనదే. తమిళనాడు అంతటా గుడి ఉత్సవాలకు, పెళ్ళిళ్ళకు పిలుపులు వచ్చాయి. సముద్రం దాటి యాళ్పాణం వెళ్ళి వాయించారు. రేడియోలో ఆయన కచేరీ ఉందంటే పెట్టె దగ్గర జనం గుమిగూడేవాళ్ళు.

మరి తామ్రపర్ణి ఒడ్డు నుంచి ఆయన కోవిల్‌పట్టికి వచ్చి ఎందుకు ఉన్నారు? రాత్రి ఒక ఊరు, పొద్దున ఇంకో ఊరు తిరిగే మేళానికి మదురై, తిరునెల్వేలి మధ్య రైలు దారిలో ఉన్న ఊరు ఎంత అనుకూలమో చెప్పనక్కరలేదు. దాంతో పాటు ఈ ప్రాంతానికి ఇంకో గుణం ఉంది. బయటివాళ్ళు కోవిల్‌పట్టి అంటే అగ్గిపెట్టెలు, వేరుశనగ మిఠాయి, హాకీ అంటారు. శివకాశి, సాత్తూరు, విరుదునగర్ అంటే టపాకాయలు, అచ్చుపనులు, మిరపకాయల, నూనెల వ్యాపారం అంటారు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. అయితే ఈ ఎండిన నేల మీద సంగీతం వినే చెవులకు ఎప్పుడూ కరువు లేదు.

కోవిల్‌పట్టి నుంచి కాస్త దూరం పోతే ఎట్టయపురం. ఆ పాలెం ఏలినవాళ్ళు తెలుగు మాట్లాడే వంశంవాళ్ళు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్ను మూసింది అక్కడే, ఆయన సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. వాళ్ళ కుటుంబంలోని సుబ్బరామ దీక్షితులు రాసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహాగ్రంథం 1904లో ఎట్టయపురంలోనే అచ్చయింది. అది ఏ లిపిలో అచ్చయిందో తెలుసా? తెలుగు లిపిలో. దేశంలోని సంగీత పండితులందరూ ఈ రోజుకీ తిరగేసే పుస్తకం మన పక్క ఊళ్ళో మన అక్షరాలతో పుట్టింది. ఇంకాస్త తూర్పుకు పోతే విళాత్తికుళం. అక్కడ నల్లప్పస్వామి అనే ఆయన (1889-1965) ఉండేవారు. విళాత్తికుళం స్వామిగళ్ అని పేరు. ఒకే రాగాన్ని గంటల తరబడి పాడగలిగిన మనిషి. ఆయన గురించి రాసిన కి. రాజనారాయణన్ ఇడైసెవల్ ఊరివారు, ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసి సాహిత్య అకాడమీ బహుమతి పొందినవారు. ఇలాంటి చెవులు ఉన్న సీమలో నాదస్వర విద్వాంసుడు స్థిరపడటంలో ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు మనకు దగ్గరి సంగతి ఒకటి. నాదస్వరంలో మాటలు వినపడవు కదా, మరి మాటలు తెలియాల్సిన అవసరం ఏముంది అని మీరు అడగొచ్చు. అవసరం ఉంది. కీర్తన వాయించేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? రామచంద్రా అనే మాటను రామచం దగ్గర తెంపి ఊపిరి తీసుకుని తరవాత ద్రా అని వాయిస్తే, సాహిత్యం తెలిసినవాడి చెవికి అది రాయి తగిలినట్టుంటుంది. అందుకే మంచి గురువులు ముందు కీర్తనను నోటితో పాడించి, ఆ తరవాతే వాద్యం మీద పలికిస్తారు. ఆ కీర్తనల్లో పెద్ద భాగం త్యాగరాజస్వామివి, అంటే తెలుగువి. తమిళనాట పుట్టిన విద్వాంసులు తరతరాలుగా తెలుగు మాటలను ఇంత శ్రద్ధగా నోట్లో పెట్టుకుని, వాటి విరుపులు చెడకుండా వాయిస్తూ వచ్చారు. మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకుంటాం. దాన్ని చదవడం, రాయడం మాత్రం ఎంతమందికి వస్తుంది? ఈ ప్రశ్న పిల్లల కన్నా ముందు పెద్దవాళ్ళం మనం వేసుకోవాలి.

ఈ రాకపోకలు ఒకవైపే జరగలేదు. ఒంగోలు దగ్గర కరవది అనే ఊళ్ళో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా, రాజరత్నం పిళ్ళై బాణీకి ముగ్ధుడై తమిళనాడుకు వచ్చి, తంజావూరు పద్ధతి నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడ్డారు. తెలుగు ముస్లిం ఒకరు రంగనాథుడి ఊళ్ళో ఉండి నాదస్వరానికి దేశమంతటా గౌరవం తెచ్చారు. సంగీతం నేర్చుకోవాలనుకున్నవాడికి భాష అడ్డం రాలేదు, మతమూ అడ్డం రాలేదు.

మొదట చెప్పిన పాట దగ్గరికి మళ్ళీ వద్దాం. 1962లో ‘కొంజుం సలంగై’ అనే తమిళ సినిమా వచ్చింది. ఎం.వి. రామన్ తీసిన రంగుల సినిమా. సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. అందులో జెమినీ గణేశన్ నాదస్వర విద్వాంసుడిగా, మన సావిత్రి గారు గాయనిగా కనిపిస్తారు. తెర మీద వేళ్ళు కదిలించింది జెమినీ గణేశన్ అయితే, ఊపిరి పోసింది అరుణాచలం. ఆ నాదస్వరానికి సాటిగా పాడే గొంతు కావలసి వచ్చింది. నాదస్వరం సామాన్యమైన వాద్యం కాదు, ఆరుబయట ఊరంతా వినపడేటట్టు మోగేది. దాని పక్కన మనిషి గొంతు నిలబడటమే కష్టం. ఇక ఆభేరి రాగంలో స్వరానికి స్వరం, సంగతికి సంగతి వేగంగా జవాబు చెప్పాలంటే ఇంకా కష్టం. జానకి అయితే పాడగలదని గాయని పి. లీల గారే సూచించారని చెబుతారు.

జానకి గారు గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతంలో పుట్టినవారు. సినిమాల్లోకి వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళే. ఆమెకు చిన్నతనంలో సంగీతం మొదలుపెట్టించిన గురువు పైడిస్వామి గారు కూడా నాదస్వర విద్వాంసుడే. ఆ వాద్యం పలికే తీరు ఆమె చెవిలో చిన్నప్పటి నుంచే ఉందన్నమాట. పాట వచ్చాక తమిళనాడులో ఆమె పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది. ఆ సినిమా తెలుగులో ‘మురిపించే మువ్వలు’ అని వచ్చింది. ఆరుద్ర గారు రాసిన తెలుగు మాటలతో ఆ పాట ఆంధ్ర దేశమంతా పాకింది. అలా కోవిల్‌పట్టి నాదస్వరం, రేపల్లె గొంతు కలిసి రెండు భాషల ఇళ్ళల్లో చోటు సంపాదించుకున్నాయి.

ఆ పాటను ఈసారి కొంచెం జాగ్రత్తగా వినండి. నాదస్వరం ఎక్కడా గాయనిని తొక్కెయ్యదు. అంత బలమైన వాద్యాన్ని చేతిలో పెట్టుకుని కూడా ఆయన ఆమెకు చోటు ఇస్తారు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పి, తరవాతి ప్రశ్న ఆమెకు వదిలిపెడతారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు ఈ మర్యాద? గురువు పక్కన రెండో స్థానంలో నిలబడ్డ ఆ రోజుల్లోనే. ముందున్నవాళ్ళను వినడం వచ్చినవాడికే, తాను ముందుకు వచ్చాక పక్కవాళ్ళకు చోటివ్వడం కూడా వస్తుంది.

అయితే ఆయనకు మిగిలిన కాలం చాలా తక్కువ. పాట ఊరూరా మోగుతుండగానే, 1964 ఏప్రిల్‌లో అరుణాచలం కన్ను మూశారు. 1921 నుంచి 1964 దాకా, లెక్క మీరే వేసుకోండి. గాయకులకు గొంతు పండే వయసు, విద్వాంసులకు విద్య నిండే వయసు. రాజరత్నం పిళ్ళై పోయిన ఎనిమిదేళ్ళు కూడా తిరక్కుండానే ఆయన శిష్యుడూ పోయారు. నాదస్వర లోకానికి అది రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలినట్టయింది.

ఆయన పోయాక కాలం మారింది. పెళ్ళిళ్ళకు బ్యాండు మేళాలు వచ్చాయి, తరవాత పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. తాళి కట్టే క్షణాన గట్టిమేళం మోగాలి కాబట్టి నాదస్వరం ఇంకా ఉంది. మిగతా సమయమంతా వాళ్ళు ఒక మూల కూర్చుని వాయిస్తుంటే మనం మాటల్లో, ఫోటోల్లో, భోజనాల్లో ఉంటున్నాం. ఒకప్పుడు వాళ్ళను కూర్చోనివ్వలేదు. ఇప్పుడు కూర్చోబెట్టాం, వినడం మానేశాం. మేళం కుటుంబాల పిల్లలు చాలామంది వేరే ఉద్యోగాలకు పోతున్నారంటే తప్పు వాళ్ళదా? వినేవాళ్ళు లేని విద్యను ఎవరైనా ఎందుకు నేర్చుకుంటారు?

అందుకని పిల్లలకు మూడు చిన్న పనులు. అమ్మానాన్నలు తోడుగా ఉంటే ఇంకా మంచిది.

మొదటిది, ఆ పాటను తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి వినండి. గొంతును వదిలేసి నాదస్వరం ఒక్కదాన్నే చెవితో పట్టుకుని వెంట వెళ్ళండి. తరవాత అరుణాచలం గారి రాగాలాపన ఏదైనా ఒకటి పెట్టుకుని, ఫోను పక్కన పెట్టి, పది నిమిషాలు వినండి.

రెండోది, శెన్బగవల్లి అమ్మన్ గుడి ఉత్సవంలో కానీ, విరుదునగర్ మారియమ్మన్ పంగుని పొంగల్‌లో కానీ, మీ ఇంటి పెళ్ళిలో కానీ మేళం కనిపిస్తే దగ్గరికి వెళ్ళి నిలబడండి. మొదటివారు ఎవరో, రెండోవారు ఎవరో చూడండి. రెండోవారి ముఖం గమనించండి, ఆయన ఎలా వింటున్నారో తెలుస్తుంది. వాయించడం అయ్యాక ఒక దండం పెట్టి రండి. మంచినీళ్ళు కావాలేమో అడగండి.

మూడోది, మీ ఇంట్లో పెద్దవాళ్ళకు వచ్చిన తెలుగు పాట, అది లాలి పాట అయినా సరే, హారతి పాట అయినా సరే, ఒకటి అడిగి మీ నోటుపుస్తకంలో తెలుగు అక్షరాలతో రాసుకుని బడికి తెండి. తప్పులు వస్తే రానివ్వండి, తెలుగు అయ్యవారో అమ్మగారో దిద్దుతారు. పాట చెప్పేటప్పుడు తాతగారు ఎక్కడ ఆగి ఊపిరి తీసుకున్నారో అక్కడ ఒక చిన్న గీత గీయడం మాత్రం మరిచిపోకండి.